పాములవాడి బుట్ట నుంచి బడి వరండా దాకా

బతికున్న అడవి జీవిని పిల్లలకు దగ్గరగా చూపించే పని మన ఊళ్ళలో చాలాకాలం బడిది కాదు, వీధిది. కోతులాడించేవాడు, ఎలుగుబంటిని తిప్పేవాడు, పాములవాడు వంతులవారీగా వచ్చేవారు. వాళ్ళలో పాములవాడి చుట్టూ మూగినంత మంది పిల్లలు మరెవరి చుట్టూ మూగేవారు కారు. వెదురుబుట్ట మూత తీసి, నాగస్వరం బుర్ర ఊదితే తాచు పడగ విప్పి నిలబడేది. ఆట నడుస్తున్నంతసేపూ మాటలు కూడా నడిచేవి. పాము పాటకు తలూపుతుంది, పాలు తాగుతుంది, పగబట్టి పన్నెండేళ్ళయినా వెతుక్కుంటూ వస్తుంది, ఈ వేరు కట్టుకుంటే విషం దిగిపోతుంది. చివర్లో ఆ వేరునో, ఓ తాయెత్తునో అమ్మేవాడు.

చెప్పిన వాటిలో ఒక్కటీ నిజం కాదు. పాముకు బయటి చెవులు లేవు, అది చూసేది ఊగే బుర్రను, దాన్ని పట్టుకున్న చేతిని. పాలు దాని ఆహారం కాదు. నోట్లో పోస్తే తాగేది దాహంతోనే, ఆ దాహం కోసమే దాన్ని ముందు రోజుల తరబడి ఎండగట్టేవారు. ఆ తాచుకు అప్పటికే కోరలు పీకేసి ఉండేవి. కొన్నిటికి నోళ్ళు కుట్టేసి ఉండేవి. ఆ పుండ్లతో అది ఎంతోకాలం బతకదు. అయినా కొన్ని తరాల పిల్లలకు పాముల గురించి తెలిసిందంతా ఆ బుట్ట దగ్గర విన్నదే.

పాములను పోల్చుకోవడం జనానికి నేర్పాలన్న ఆలోచన తెలుగు తీరంలో రెండు శతాబ్దాల కిందటే మొదలైంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఉండేవాడు. తమ్ముడు విశాఖపట్నంలో కంపెనీ అధికారిగా ఉండటంతో ఆయనా ఈ తీరానికి చేరాడు. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పదవి దక్కింది. సిపాయిలు, కూలీలు పాముకాటుతో చనిపోతుంటే, ఏది విషప్పామో ఏది కాదో మామూలు మనిషి గుర్తుపట్టే దారి ఏదైనా ఉందా అని ఆయన వెతికాడు. స్థానికులు పట్టి తెచ్చిన పాములతో కోళ్ళను, కుక్కలను కరిపించి ఫలితాలు రాసుకున్నాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో చాలా పాములకు తెలుగు పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి. మనం రక్తపింజర అనే పామును ఆయన ‘కాటుక రేకుల పొడ’గా నమోదు చేశాడు. తర్వాత శాస్త్రలోకం దానికి ఆయన పేరే పెట్టింది. అయితే రంగు బొమ్మల ఆ పెద్ద పుస్తకం విజయనగరం పొలాల్లో పనిచేసే కూలీకి చేరే వస్తువు కాదు.

బతికున్న పామునే జనం ముందుకు తెచ్చి చెప్పే పద్ధతికి దారితీసింది మందు అవసరం. 1890లలో ఫ్రాన్సుకు చెందిన ఆల్బేర్ కాల్మెట్ తాచు విషంతో మొదటి విరుగుడు సీరం తయారుచేశాడు. ఆ సీరం బ్రెజిల్ పాముల మీద పనిచేయదని విటాల్ బ్రెజిల్ అనే వైద్యుడు తేల్చాడు. ఏ పాము విషానికి ఆ పాము విరుగుడే కావాలి. అంటే స్థానిక పాములు వందల కొద్దీ కావాలి, అవి దొరికేది రైతుల చేలలో. 1901లో సావో పాలోలో మొదలైన బుటాంటాన్ సంస్థ రైతులతో ఓ ఒప్పందానికి వచ్చింది. మీరు పామును చంపకుండా పెట్టెలో పెట్టి రైల్లో పంపండి, బదులుగా మేము సీరం పంపుతాం. రైతుకు పామును పోల్చుకోవడం, పట్టుకోవడం రావాలి కాబట్టి ఆ సంస్థ జనానికి పాములు చూపించి పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. 1923లో బ్యాంకాక్‌లో థాయ్ రెడ్‌క్రాస్ తెరిచిన పాముల కేంద్రమూ ఇదే బాట పట్టింది. అక్కడ సందర్శకుల ముందు విషం తీసి చూపించే కార్యక్రమం నేటికీ ఉంది.

అమెరికాలోని మయామీలో మాత్రం ఇది పూర్తి ప్రదర్శన అయింది. బిల్ హాస్ట్ అనే ఆయన 1940ల చివర్లో అక్కడ సర్పెంటేరియం తెరిచి, టిక్కెట్టు కొన్న జనం ముందు తాచులను, రాచనాగులను ఉత్త చేతులతో పట్టి విషం తీసేవాడు. జీవితంలో వందకు పైగా కాట్లు తిన్నాడు, నూరేళ్ళు బతికాడు. 1960ల్లో ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళలో రోములస్ విటేకర్ ఒకరు.

విటేకర్ పుట్టింది న్యూయార్క్‌లో, 1943లో. కమలాదేవి ఛటోపాధ్యాయ కుమారుడు రామాను తల్లి పెళ్ళాడటంతో చిన్నతనంలోనే ఇండియా వచ్చి కొడైకెనాల్ బడిలో చదువుకున్నారు. మయామీ అనుభవం తర్వాత 1967లో తిరిగివచ్చి, 1969లో మద్రాసు శివార్లలో, తాంబరం దగ్గరి సేలైయూరులో పాముల పార్కు పెట్టారు. దేశంలో ఇలాంటిది అదే మొదటిది. 1972లో అటవీశాఖ గిండీలో స్థలం ఇచ్చింది. ఆ స్థలం పిల్లల పార్కు పక్కనే. విహారయాత్రకు వచ్చే బడి బస్సులు ఎలాగూ ఆగే చోటు అది, కాబట్టి పాముల పార్కుకు ప్రేక్షకులను ప్రత్యేకంగా వెతకాల్సిన పని పడలేదు.

గిండీలోనూ ఒక మనిషి పామును పట్టుకుని పిల్లల ముందు నిలబడేవాడు. తేడా అతను చెప్పే మాటల్లో ఉండేది. పాము ఒంటిమీద జిగురు ఉండదు, పొడిగా నున్నగా ఉంటుంది. చీలిన నాలుక కుట్టేది కాదు, గాల్లోని వాసన కణాలను నోటి పైకప్పులో ఉండే ఒక అవయవానికి చేరవేసేది. దేశంలో మూడొందలకు పైగా పాము జాతులున్నా ఊళ్ళలో, చేలలో ఎక్కువ మంది ప్రాణాలు తీసేవి ప్రధానంగా నాలుగే: తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరి. కొండచిలువ, పసరిక పాము, నీళ్ళలో తిరిగే నీరుకట్టు మనిషి ప్రాణానికి ముప్పు కావు.

జెర్రిపోతు విషయంలో విప్పాల్సిన ముడి కొంచెం పెద్దది. జెర్రిపోతు మగది, తాచు ఆడది, ఆ రెండూ జతకడతాయి అనే నమ్మకం దక్షిణాదంతా ఉంది. రెండు పాములు పెనవేసుకుని నిలువునా లేస్తే సయ్యాట అని కొత్తబట్ట కప్పే ఆచారమూ ఉంది. నిజానికి ఆ రెండూ వేర్వేరు జాతులు. పెనవేసుకున్న జెర్రిపోతులు సాధారణంగా రెండూ మగవే, వాటిది బలప్రదర్శన. ఎలుకలను తిని పంటను కాపాడే జెర్రిపోతును తాచు మొగుడని కొట్టి చంపే పిల్లవాడికి ఈ ఒక్క సంగతి ఎక్కితే చాలన్నది పార్కు వాళ్ళ లెక్క.

పాములు చూపించే మాట సరే, వాటిని పట్టి తెచ్చేదెవరు? ఆ పని ఇరుళలది. చెంగల్పట్టు ప్రాంతంలో అడవి అంచుల్లో బతికే ఈ గిరిజనులు నేల మీద చిన్న గుర్తు చూసి ఏ బొరియలో ఏ పాముందో చెప్పగలరు. తమిళనాట వాళ్ళు చేసే ఎలుకలు, పాములు పట్టే పనినే నెల్లూరు, చిత్తూరు వైపు యానాదులూ చేస్తుంటారు. అయితే అప్పట్లో ఇరుళలు పాములు పట్టింది చర్మం కోసం. చెప్పులకు, సంచులకు పాము చర్మం విదేశాలకు పోయేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1976లో పాము చర్మాల ఎగుమతిపై వచ్చిన నిషేధం ఆ వ్యాపారాన్ని ఆపేశాయి. దాంతో ఇరుళల పొయ్యిలో పిల్లి లేవలేదు. 1978లో వాళ్ళతోనే పాములు పట్టేవారి సహకార సంఘం ఏర్పడింది. మహాబలిపురం దారిలోని వడనెమ్మేలిలో, విటేకర్ దంపతులు 1976లో పెట్టిన మొసళ్ళ కేంద్రం ఆవరణలో ఆ సంఘం పని మొదలైంది.

అక్కడి పద్ధతి ఇది. అటవీశాఖ అనుమతించినన్ని పాములనే పడతారు. ఒక్కో పామును మట్టికుండలో పెట్టి, కుండ మూతికి గుడ్డ కట్టి ఉంచుతారు. మూడు నాలుగు వారాల్లో వారానికోసారి చొప్పున విషం తీస్తారు. పొట్టకింది పొలుసు ఒకటి చిన్నగా కత్తిరించి గుర్తుపెట్టి, పట్టినచోటే వదిలేస్తారు. అదే పామును వెంటనే మళ్ళీ పట్టకుండా ఆ గుర్తు కాపాడుతుంది. సందర్శకులు అరుగుమీద కూర్చుని చూస్తుండగా గాజుపాత్ర మీద బిగించిన పొర మీద పాము కాటు వేస్తుంది, పచ్చని చుక్కలు కిందికి జారతాయి. పాఠం కోసం ఏర్పాటు చేసిన ఆట కాదది. పని జరుగుతుంటే పిల్లలు చూస్తున్నారు, అంతే. ఎండబెట్టిన ఆ విషం పొడిగా మందుల కంపెనీలకు వెళుతుంది. దాన్ని కొద్దికొద్దిగా ఎక్కించిన గుర్రాల రక్తం నుంచి విరుగుడు తయారవుతుంది. ఆ విరుగుడు తయారుచేసే కంపెనీలు మన హైదరాబాదులోనూ ఉన్నాయి. పాముల పనిలో ఉన్న వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరు ఇరుళలకు 2023లో పద్మశ్రీ వచ్చింది. విటేకర్‌కు ఆ గౌరవం 2018లో దక్కింది.

బడిపిల్లల పార్కుగా గిండీ ఏం సాధించిందో సందర్శకుల సంఖ్యలతో కొలవడం కష్టం. ఇద్దరి జీవితాలు చూస్తే కొంత తెలుస్తుంది. శేఖర్ దత్తాత్రి 1976లో, పదమూడేళ్ళ వయసులో పార్కులో స్వచ్ఛంద సేవకు చేరారు. తర్వాత దేశంలో పేరున్న వన్యప్రాణి చిత్రదర్శకుల్లో ఒకరయ్యారు. ఆయన తొలినాళ్ళ చిత్రాల్లో ఒకటి ఇరుళల సహకార సంఘం మీదే, దానికి జాతీయ పురస్కారం దక్కింది. జె. విజయ కాలేజీ చదువుతూ 1970ల చివర్లో అదే పార్కుకు వచ్చారు. సరీసృపాలను అధ్యయనం చేసిన తొలితరం భారతీయ మహిళల్లో ఆమెది ముందు పేరు. దశాబ్దాలుగా ఎవరికీ కనపడని ఒక అడవి తాబేలును 1982లో కేరళ అడవుల్లో మళ్ళీ వెతికి పట్టారు. 1987లో, ముప్పై ఏళ్ళయినా నిండకుండానే ఆమె చనిపోయారు. 2006లో శాస్త్రవేత్తలు ఆ తాబేలు ప్రజాతికి ఆమె పేరుతోనే విజయచెలిస్ అని నామకరణం చేశారు. ఇద్దరూ పాములను దూరం నుంచి చూసి వెళ్ళిపోయిన ప్రేక్షకులు కారు, చీపురు పట్టి గూళ్ళు శుభ్రం చేసినవాళ్ళు. మద్రాసు ప్రయోగంలో బలమంతా అక్కడుంది.

మద్రాసు చూసి ఇతర చోట్లా పార్కులు వెలిశాయి. ఒక్కోచోట ప్రదర్శన, పాఠం పాళ్ళు మారిపోయాయి. పూణేలో నీలిమ్‌కుమార్ ఖైరే 1980లో 72 విషప్పాములతో ఒకే గాజు గదిలో 72 గంటలు కూర్చున్నారు. ఆ సాహసం చూడటానికి జనం ఎగబడ్డారు. పామును కదిలిస్తే తప్ప కరవదని చెప్పడమే తన ఉద్దేశమని ఆయన వాదన. ఆ పేరుతోనే 1986లో పూణే కార్పొరేషన్ సాయంతో కాత్రజ్ పాముల పార్కు వచ్చింది. కేరళలో కన్నూరు దగ్గరి పరస్సినికడవు పార్కులో తాచును బయటికి తీసి, పట్టే తీరు చూపుతూ వివరించే కార్యక్రమమే ప్రధాన ఆకర్షణగా నడిచింది.

ఈ లోగా వీధి ఆటలకు కాలం చెల్లింది. 1998లో కేంద్రం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహాలను ప్రదర్శనల్లో ఆడించరాదని ప్రకటించింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పాములవాళ్ళపై కేసులు 1972 చట్టం కిందే మొదలయ్యాయి. వాళ్ళ పొట్టకూటికి ప్రత్యామ్నాయం మాత్రం ఇరుళలకు దొరికినంత పద్ధతిగా దొరకలేదు. పాము గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనుషులు ఇరువైపులా ఉన్నా, ఒకరి చేతికి సహకార సంఘం వచ్చింది, మరొకరి చేతిలోంచి బుట్ట పోయింది.

అదే చట్టంలో 12వ సెక్షన్ ఒక తలుపు తెరిచే ఉంచింది. ప్రత్యేక అవసరాలకు అటవీ అధికారులు వన్యప్రాణిని పట్టుకోవడానికి అనుమతి ఇవ్వవచ్చు. ఆ అవసరాల జాబితాలో మొదటిది విద్య. పరిశోధన, జూల సేకరణలతోపాటు ప్రాణరక్షక మందుల కోసం పాము విషం తీయడమూ అందులో ఉంది. వడనెమ్మేలి కుండలు ఈ చివరి మాట నీడలో నిలబడ్డాయి. మొదటి మాట మీద తగాదా తర్వాతి రోజుల్లో వచ్చింది.

హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995లో ఏర్పడింది. నగరం చెరువు గట్లను, రాళ్ళగుట్టలను తింటూ పెరుగుతున్న కాలమది. ఇంట్లో పాము కనపడితే ఫోన్ చేస్తే వచ్చి పట్టి, అటవీశాఖ సాయంతో దూరంగా వదిలేసే స్వచ్ఛంద కార్యకర్తల సంఘం ఇది. నాగపంచమికి వీధుల్లో తిప్పే పాములను విడిపించడం, బడుల్లో కాలేజీల్లో అవగాహన తరగతులు పెట్టడం కూడా వాళ్ళ పనిలో భాగం. తెలుగు బడిలో ఈ పాఠం చెప్పేవాళ్ళు నాగులచవితిని పక్కనపెట్టి చెప్పలేరు. ఉపవాసం ఉండి పుట్టలో పాలు పోసే అమ్మమ్మను తప్పుపడితే పిల్లలు వినరు. పుట్ట చెదలు కట్టుకున్నదని, పాము అందులో అద్దెకుంటుందని, పుట్ట దగ్గర మొక్కినా దాన్ని తవ్వి పామును బయటికి లాగొద్దని చెబితే వింటారు.

ఈ పాఠం ఎంత అవసరమో లెక్కలు చెబుతాయి. 2020లో వెలువడిన మిలియన్ డెత్ స్టడీ ప్రకారం 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారు, అంటే ఏడాదికి సగటున 58 వేలు. మృతుల్లో నాలుగో వంతుకు పైగా 15 ఏళ్ళలోపు పిల్లలు. చావుల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అంటే బడులు తెరిచి తొలకరి పడే నెలల్లోనే. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2019 నవంబరులో వయనాడ్ జిల్లాలో ఒక బడి తరగతి గదిలోనే, నేలలోని కన్నంలోంచి వచ్చిన పాము కరిచి ఓ విద్యార్థిని చనిపోయింది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళలేదంటూ కేరళ అంతా రగిలిపోయింది.

ఆ చావు పాఠంలో బరువును మార్చింది. తాచు పడగ ఎంత అందంగా ఉంటుందో చూపడం కంటే, కరిచాక మొదటి గంటలో ఏం చేయాలో చెప్పడం ముందుకు వచ్చింది. తాడు బిగించి కట్టకూడదు. బ్లేడుతో కోయకూడదు. నోటితో పీల్చకూడదు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మంత్రగాడి ఇంటికి కాకుండా విరుగుడు ఉన్న ఆస్పత్రికి వెళ్ళాలి. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది, ఆ కాటు నొప్పి తెలియకపోవచ్చు, తెల్లారేసరికి కడుపునొప్పి, కళ్ళు వాలిపోవడం మొదలవుతాయి. కాబట్టి దోమతెర దోమలకే కాదు. ఈ మాటలు చెప్పడానికి బల్లమీద బతికున్న కట్లపాము ఉండాలా, ఫోటో చాలదా? సరీసృపాల నిపుణుల మధ్యే దీనిపై ఏకాభిప్రాయం లేదు. చేత్తో తాకిన పిల్లవాడి భయం తగ్గుతుందని కొందరంటారు. చూసివెళ్ళిన పిల్లవాడు రేపు తనూ తోక పట్టుకుంటాడని మరికొందరు హెచ్చరిస్తారు. చరవాణిలో పాములు పట్టే వీడియోలు వచ్చాక రెండో మాటకు బలం పెరిగింది.

కేరళ అటవీశాఖ 2020లో పాములు పట్టేవాళ్ళకు శిక్షణ, ధ్రువపత్రం తప్పనిసరి చేస్తూ నియమాలు తెచ్చింది. పట్టిన పామును జనానికి ప్రదర్శించడం నిషేధించింది. 2022లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో సజీవ పాములతో తరగతి చెప్పినందుకు ఆ రాష్ట్రంలో ఎంతో పేరున్న పాములు పట్టే వ్యక్తిపైనే అటవీశాఖ కేసు పెట్టింది. అర్ధశతాబ్దం కిందట గిండీలో పాఠం అనిపించుకున్న పని ఇప్పుడు అనుమతి లేకపోతే నేరం.

మహారాష్ట్రలోని బత్తీస్ శిరాళాలో కథ ఎదురుదిశలో నడిచింది. సాంగ్లీ జిల్లాలోని ఈ ఊళ్ళో నాగపంచమికి సజీవమైన తాచులను పట్టి ఊరేగించడం పాత ఆచారం. బొంబాయి హైకోర్టు ఆదేశాలతో అది ఆగింది. ఊరివాళ్ళు పోరాడుతూనే వచ్చారు. 2025 జూలైలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఆ ఊరికి చెందిన 21 మందికి పండుగ రోజుల్లో తాచులు పట్టడానికి అనుమతి ఇచ్చింది. అనుమతిలో రాసిన కారణం పూజ కాదు, ఊరేగింపు కాదు. విద్య, యువతకు సంప్రదాయ జ్ఞానం అందించడం. చట్టంలోని 12వ సెక్షన్ జాబితాలో మొదటి మాట కూడా విద్యే.

బడుల వైపు నుంచి చూస్తే ఇప్పుడు జోరు పాము చుట్టూ కాక కాటు చుట్టూ ఉంది. 2024 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ పాముకాటు నివారణకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. 2030కల్లా చావులను సగానికి తగ్గించడం దాని లక్ష్యం. గ్రామాల్లో ప్రజలకు అవగాహన కల్పించడం అందులో ఒక భాగం. దానితోపాటే 15400 అనే పాముకాటు సహాయ ఫోన్ నంబరును ప్రయోగాత్మకంగా అయిదుచోట్ల మొదలుపెట్టారు: పుదుచ్చేరి, మధ్యప్రదేశ్, అస్సాం, ఢిల్లీ, ఆంధ్రప్రదేశ్.